పోయింది అన్న మాటకు ఇంగ్లీషు

మా ముత్తాత పద్మశాలీల కులపెద్ద. ఉత్తర తెలంగాణలో మా ఊరి చుట్టుపక్కల ఏ సాలె ఇంట్లో తగువు పుట్టినా ఆయన మాటతోనే తెగేది. ఆ మాటకు కాగితం, సంతకం అక్కరలేదు. మా తాత సూరత్ వచ్చి పవర్‌లూమ్ కారఖానా పెట్టాడు. మగ్గాల మోతలో ఎవరి అడుగులూ వినపడవు, అయినా ఆయన లోపలికి వస్తుంటే పనివాళ్లు తలలెత్తి చూసేవాళ్లట. మా నాన్న గుడి కమిటీకి పెద్ద. హారతి పళ్లెం ఆయన ముందుకు వచ్చాకే మిగతావాళ్ల దగ్గరికి వెళ్లేది. నేను సూరత్‌లోనే గోడాదరాలో, చీరలు మడతపెట్టి డబ్బాల్లో సర్దే దుకాణం పైన, ఒక రికార్డింగ్ స్టూడియోలో జీతానికి పనిచేశాను. మా తాత కారఖానా నుంచి నా జీతం దాకా మధ్యలో ఏం జరిగిందో ఇక్కడ చెప్పను. అడిగినవాళ్లకూ ఎప్పుడూ చెప్పలేదు.

సౌండ్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ఉద్యోగంలో మంచి రోజులు చాలానే ఉన్నాయి గానీ వాటి గురించి ఎవరూ అడగరు. నన్ను కలిసిన ప్రతివాడూ అడిగేది ఒకటే: కంప్యూటర్‌లో బోర్డు మార్చాం, పాటల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు, ఏం చేయాలి? దానికి జవాబు చిన్నది. పాత యంత్రం బతికి ఉండగానే అందులోంచి సాఫ్ట్‌వేర్ అనుమతిని కంపెనీకి వెనక్కి ఇచ్చేయండి, తరువాత కొత్తదాని మీద తీసుకోండి. మాకు ఆ వీలు దొరకలేదు. దొరకనప్పుడు ఏమవుతుందో చెప్పడానికి మాత్రం కాస్త చోటు కావాలి.

మా స్టూడియో యజమాని గుజరాతీ. అందరం సేఠ్ అనేవాళ్లం. పెళ్లి బ్యాండ్లకు ట్రాకులు, నవరాత్రికి గర్బా పాటలు, మనవాళ్ల భజనలు, బోనాల పాటలు, ఎన్నికలప్పుడు ఆటోల మీద తిరిగే అరుపులు, ఇవీ మా పనులు. రికార్డింగ్ నేను చూసేవాణ్ణి. అన్ని వాయిద్యాలూ ఒక్క కీబోర్డు మీదే పలికించే మనిషి ఇంకొకడు ఉండేవాడు. నలభై దాటినవాడు, సూరత్‌లో మనవాళ్లుండే నవాగామ్‌లో పుట్టి పెరిగాడు. తల్లితో తెలుగు, భార్యతో హిందీ, సేఠ్‌తో గుజరాతీ, కోపం వస్తే మూడూ. నన్ను కాకా అనేవాడు. గుజరాతీలోనూ అదే మాట కావడంతో వీధి మొత్తానికి నేను కాకానే అయ్యాను.

సూరత్‌లో చిన్న స్టూడియోలు చాలా ఉన్నాయి. పాటల సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి కొన్నవాళ్లు మాత్రం నాకు తెలిసి తక్కువ. మిగతావాళ్లు తాళం పగలగొట్టిన కాపీని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని వాడుకునేవాళ్లు. దాన్ని క్రాక్ అంటారు. మా దగ్గర అది వద్దని నేను పట్టుబట్టాను. సేఠ్ డబ్బు పెట్టనన్నాడు. నా జీతంలోంచి పట్టుకోమని చెప్పి, నా పేరు మీదే లైసెన్సు కొన్నాను.

"ఏంది కాకా, పుక్కట్ల దొరికేదానికి పైసలు వెడ్తవా?" అని కీబోర్డు మనిషి నవ్వాడు.

"మా ఇంట్లకు దొంగ సొమ్ము రాదు."

"గిది మీ ఇల్లు గాదు గద, సేఠ్ దుకాణం."

"నేను కూసున్నంత సేపు మా ఇల్లే."

ఈ జవాబును అతడు గోడాదరా అంతా పంచిపెట్టాడు. పక్క స్టూడియోల వాళ్లు నన్ను లైసెన్సు కాకా అనడం మొదలుపెట్టారు. ఎగతాళికే అన్నారు. నేను బిరుదుగానే తీసుకున్నాను.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. ఆ మోత లేని సూరత్‌లో నిద్ర పట్టడం లేదని చాలామంది చెప్పారు. మనవాళ్లు దొరికిన బస్సు, లారీ, రైలు పట్టుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. వెళ్లలేనివాళ్లు గదుల్లో ఉండిపోయారు. కట్టడి కాస్త సడలి మేము షట్టరు ఎత్తిన కొత్తలో ఒక పెద్దమనిషి మూతికి తువ్వాల చుట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

ఆయన్ని అందరూ పంతులు అంటారు. బడి పంతులు కాదు, చిరుతల రామాయణం నేర్పే పంతులు. మా వైపు ఊళ్లలో చేతుల్లో చిరుతలనే జత చెక్కలు పట్టుకుని, వాటిని కొడుతూ, గుండ్రంగా తిరుగుతూ రామాయణం ఆడతారు. పంతులు నడుమ నిలబడి తాళాలు వాయిస్తూ పాట ఎత్తుకుంటాడు, వేషాలవాళ్లు అందుకుంటారు. పంతులు గొంతు లేకపోతే ఆట ఒక్క అడుగు కదలదు. ఈయన వారమంతా మగ్గం మీద పనిచేసి, సెలవు రోజున నవాగామ్ వెనక మైదానంలో మగ్గాల పనివాళ్లకు ఆట నేర్పుతూ తన వయసంతా గడిపాడు. ఆయన తండ్రి మా తాత కారఖానాలో పనిచేశాడు. అందుకని, నా మీసాలు తెల్లబడ్డాక కూడా నన్ను చిన్న సావుకారి అనే పిలిచేవాడు.

"చిన్న సావుకారీ, మనోళ్లు సగం మంది ఊళ్లె వడ్డరు. ఎవడు మల్ల వస్తడో, ఎవడు రాడో. ఉన్నోళ్ల గొంతులన్న పట్టి వెట్టు. ఆటంత నీ పెట్టెల ఉండాలె."

"ఆటంతనా? తెల్లార్లు ఆడినా ఒడవది గద అది."

"కోసి కోసి పాడ్తం. నీ పెట్టెల వట్టేటట్టు."

స్టూడియోకు వేరే పని లేదు కాబట్టి సేఠ్ అడ్డు చెప్పలేదు. గదిలోకి ఒక్కొక్కణ్ణే పంపేవాళ్లం. రాముడు పాడి బయటికి వచ్చాక మైకు మీది గుడ్డ మార్చి, శానిటైజర్ కొట్టి, అప్పుడు రావణుణ్ణి పంపేవాళ్లం. రావణుడి వేషగాడు మగ్గాలకు పడుగు చుట్టే వార్పింగ్ పని చేసేవాడు, మంచి లావుపాటి మనిషి. "రాముని రోగం రావణునికి అంటొద్దని గింత జాగ్రత్తనా! గట్లయితే యుద్ధమెట్ల చేస్తం?" అని నవ్వేవాడు. సీత వేషం కట్టేవాడు మీసాలతో మైకు ముందు నిలబడడానికి సిగ్గుపడితే, "గొంతుకు మీసాలు కనవడయి, పాడుర" అని పంతులు కసిరాడు. పంతులు మాత్రం రోజూ వచ్చి, ఒంటరిగా ఆ గదిలో నిలబడి, ఎత్తుగడలన్నీ పాడాడు. కీబోర్డు మనిషి వాటి కింద హార్మోనియం, డోలక్ వేశాడు. మాకు చాలా కాలం తరువాత దొరికిన పని అది. పనిలో పడితే బయటి సంగతులు కాసేపు మరిచిపోయేవాళ్లం.

మేము వాడే సాఫ్ట్‌వేర్‌కు ఒక గుణం ఉంది. పాడిన గొంతుల్ని విడివిడిగా బయట ఉంచదు. గొంతులూ వాయిద్యాలూ అన్నిటినీ ఒక మూట కట్టి దాచుకుంటుంది. ఆ మూట విప్పాలంటే మళ్లీ అదే సాఫ్ట్‌వేర్ కావాలి, అదీ తాళం తెరుచుకున్నది. చివరి మెరుగులు దిద్దకుండా పని చేతికివ్వడం నాకు అలవాటు లేదు. అందుచేత పంతులుకు అప్పటికి ఏమీ ఇవ్వలేదు. మూటను మాత్రం రెండు డిస్కుల్లో భద్రం చేశాను. ఆ మూటకు ఏ రోజూ ఏమీ కాలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

పాడడం ముగిసిన కొన్నాళ్లకు పంతులుకు జబ్బు చేసింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి బతికి వచ్చాడు, గొంతు మాత్రం తిరిగి రాలేదు. మాట్లాడితే మాట వినపడుతుంది. పాట ఎత్తుకుంటే రెండో మాటకే దగ్గు. అంతలో మొదటి అల తగ్గింది. మగ్గాలు మళ్లీ ఆడాయి. ఊళ్లకు పోయినవాళ్లు కొందరు తిరిగి వచ్చారు. ఆట కడదామన్నారు. మైదానానికి అనుమతి దొరికింది గానీ ఆడేవాళ్లూ చూసేవాళ్లూ మాస్కు తీయకూడదన్నారు. మాస్కుతో గుండ్రంగా ఎగురుతూ పాడడం ఎవరి వల్లా కాదు. పంతులుకు అది దిగులే కాలేదు.

"పాట పెట్టెల ఉన్నది గద. పెట్టె పాడుతది, మనం ఆడుదం," అన్నాడు. తరువాత నాతో విడిగా, "గీ ఆట ఒడవంగనే ఊరికి వోత చిన్న సావుకారీ. ఇగ నాతోటి కాదు," అన్నాడు.

రోజు ఖాయమైంది. నేను చివరి మెరుగులు దిద్దుతున్నాను. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. తిరిగి వచ్చినప్పుడు మామూలుగా రాలేదు. ట్యూబులైట్లు భగ్గుమన్నాయి, కంప్యూటర్ లోపల ఏదో టపీమంది, కాలిన వాసన వచ్చింది.

మెకానిక్‌ను పిలిపించాం. ఎంబ్రాయిడరీ కారఖానాల్లో కంప్యూటర్లు బాగుచేసే గుజరాతీ మనిషి. మదర్‌బోర్డు కాలిపోయింది, మార్చాల్సిందే అన్నాడు. మార్చే ముందు, "కాకా, లాక్ హై క్యా?" అని అడిగాడు.

ఈ ఊళ్లో ఆ మాటకు ఒక అర్థం ఉంది. చీరల మీద కుట్టే డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్లకు వేలెడంత ముక్క ఒకటి ఉంటుంది. కంప్యూటర్ వెనక గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఆ ముక్కను లాక్ అంటారు. కంప్యూటర్ మారితే దాన్ని పీకి కొత్తదానికి గుచ్చుకుంటే సరిపోతుంది. కీబోర్డు మనిషి వంగి వెనక చూసి, "లాక్ నహీ హై" అన్నాడు. నేనూ వంగి చూసి తల ఊపాను. ముక్క లేని మాట నిజమే. మా లాక్ ఆ కాలిన బోర్డే. సాఫ్ట్‌వేర్ ఆ బోర్డు గుర్తులు చూసుకుని, ఈ యంత్రం మీదే పలుకుతానని ఒప్పుకుని ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ సూరత్‌లో అన్నేళ్లు ఉన్నాక లాక్ అన్న మాట చెవిన పడితే కళ్లు ముక్కనే వెతుకుతాయి. లేదని చెప్పడంతో మెకానిక్ కాలిన బోర్డును తన సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

కొత్త బోర్డుతో కంప్యూటర్ లేచింది. సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఈ యంత్రం నాకు తెలియదు అంది. పాత యంత్రం మీది అనుమతి వదులుకుంటే గానీ కొత్తదానికి ఇవ్వనంది. పంతులు రామాయణం మూట ఎదురుగానే ఉంది, దాని మీద నొక్కితే తెరుచుకోదు. పక్క స్టూడియోలో కూడా అదే కరెంటుకు బోర్డు కాలింది. వాళ్లది క్రాక్ కాపీ. వాళ్లు సాయంత్రానికల్లా పనిలో కూర్చున్నారు.

కంపెనీ పరాయి దేశంలో ఉంది. ఉత్తరం రాయాలి. నేను తెలుగులో చెబుతుంటే కీబోర్డు మనిషి ఇంగ్లీషులో కొట్టాడు.

"రాయి. అయ్యా, మా కంప్యూటర్ పోయింది."

"పోయింది అంటే గాన్ గద కాకా?"

"పోయింది అంటే పోయింది. బల్బు పోయింది, ఫ్యాను పోయింది, గట్ల."

"గాన్. రాసిన. ఇంకా?"

"దాంతోని లైసెన్సు గూడ పోయింది. దయచేసి మల్ల ఇయ్యగలరు."

"దయచేసి ఎందుకు కాకా? బిచ్చమడిగినట్టుంటది. పైసలు వెట్టి కొన్నం."

ఆ మాట నాకు నచ్చింది. దయచేసి తీసేయమన్నాను. ఉత్తరం పోయింది.

జవాబు చాలా మర్యాదగా వచ్చింది. మీ కంప్యూటర్, లైసెన్సు పోయినందుకు విచారిస్తున్నాం. దొంగ చేతిలో అవి దుర్వినియోగం కాకుండా లైసెన్సును వెంటనే నిలిపివేశాం. తిరిగి పొందాలంటే పాత బోర్డు మీ దగ్గర ఉన్నట్టు ఫొటో గానీ, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు కాపీ గానీ పంపండి.

కీబోర్డు మనిషి దాన్ని రెండుసార్లు చదివాడు. "కాకా, వాళ్ల లెక్కల మన కంప్యూటర్ చోరీ అయింది," అన్నాడు.

మన భాషలో కరెంటు పోతుంది, పరువు పోతుంది, మనిషి ఊరికి పోతాడు, మనిషే పోతాడు. ఆ రోజుల్లో ఫోను ఎత్తితే అవతలివాళ్ల మొదటి మాట అదే. ఫలానా ఆయన పోయిండు అనేవాళ్లు. ఊరికా అని అడగడానికి నోరు వచ్చేది కాదు. వాళ్లే చెప్పేదాకా ఆగేవాళ్లం. ఇంట్లో పుట్టి పెరిగిన మాట కాబట్టి ఎక్కడ ఏ పోవడమో మనకు తెలుస్తుంది. ఆ కంపెనీలో కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది?

మెకానిక్‌కు ఫోను చేసి కాలిన బోర్డు అడిగాం. తుక్కులో వేశాడట. "వో తో గయా, కాకా," అన్నాడు, అది పోయిందని.

"గిది మాత్రం నిజంగ గాన్," అన్నాడు కీబోర్డు మనిషి.

పోలీసు స్టేషనుకు నేనొక్కణ్ణే వెళ్లాను. మాస్కు లేనివాళ్లను పట్టుకొచ్చి వరండాలో నిలబెట్టారు. బల్ల దగ్గర హవల్దారుకు నా సంగతి హిందీలో మొదటినుంచీ చెప్పాను. ఆయన కూడా అలసిపోయి ఉన్నాడు.

"చోరీ అయిందా?" అన్నాడు.

"లేదు, కాలిపోయింది."

"కాలిపోతే ఫైర్ బ్రిగేడ్ దగ్గరికి వెళ్లు. ఇక్కడికెందుకు వచ్చావు?"

"కాలిపోయిందనే రాసి ముద్ర వేసి ఇవ్వండి. వాళ్లకు పోలీసుల కాగితం కావాలట."

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "కాకా, మీరు పెద్దమనిషి. కాలిన సామానుకు నేను ఫిర్యాదు ఎలా రాస్తాను? ఎవరి మీద రాయను, కరెంటు మీదా? చోరీ అయిందని చెప్పండి. రెండు వాక్యాలు రాస్తా, సంతకం పెట్టి వెళ్లండి. ఎవరూ వెతకరు. ఇక్కడ వెతికే తీరిక ఎవరికుంది?"

నేను సంతకం పెట్టలేదు. వరండాలో వాళ్లను దాటుకుని బయటికి వచ్చాను. మెట్ల మీద నా వెన్ను నిటారుగానే ఉందని గుర్తు. ఇప్పుడు అనిపిస్తుంది, అక్కడ నా వెన్ను వైపు చూసిన మనిషి ఒక్కడూ లేడు.

రెండో ఉత్తరం నేనే రాశాను, నిఘంటువు పక్కన పెట్టుకుని. బోర్డు దొంగతనం కాలేదు, చెడిపోయింది, మా భాషలో రెండిటికీ ఒకే మాట, మా పొరపాటును మన్నించండి అని. ఈసారి దయచేసి కూడా పెట్టాను. జవాబు లేదు. వాళ్లూ ఇళ్లలో కూర్చుని పనిచేస్తున్నారని, ఆలస్యమవుతుందని యంత్రం దానంతటదే పంపే ఉత్తరం ఒకటి మాత్రం వచ్చింది. రోజూ చూస్తూ ఉన్నాను. ఆట రోజు వచ్చేసింది.

ఆ ఉదయం పంతులు స్టూడియోకు వచ్చి గోడవారగా కుర్చీలో కూర్చున్నాడు. భుజాన సంచి, సంచిలో తాళాలు. నేను ఉన్నదంతా చెప్పాను. స్టేషను సంగతి కూడా చెప్పాను. ఆయన నెమ్మదిగా, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడాడు.

"చోరీ అయిందని ఒక్క మాట రాస్తే అయిపోవు గద చిన్న సావుకారీ."

"కాంది అయిందని ఎట్ల రాస్త పంతులూ? మా ముత్తాత తీర్పు చెప్పిన ఇల్లది."

"వాలిని రాములవారు చెట్టు సాటుకెల్లి కొట్టిండా లేదా?"

"కొట్టిండు. గిదేంది అని వాలి అడిగిండు. రాములవారు జవాబు చెప్పిండు."

"ఆఁ. ముందు కొట్టిండు, తర్వాత జవాబు చెప్పిండు. నువ్వు కొట్టకముందే జవాబు చెప్పవడ్తివి."

కీబోర్డు మనిషి పకాలున నవ్వి, నా ముఖం చూసి ఆపుకున్నాడు. పంతులు నవ్వలేదు. దగ్గు వచ్చింది. అది తగ్గాక సంచిని ఒళ్లో పెట్టుకుని, "నాకు ఇంకో గొంతు లేదు," అన్నాడు.

పోలీసు కాగితానికి అప్పటికే వేళ మించిపోయింది. అబద్ధం రాసినా కంపెనీ జవాబు సాయంత్రం లోపల రాదు. ఇక మిగిలింది ఒకటే దారి. అది నా కుర్చీలోంచి కనిపిస్తూనే ఉంది. కీబోర్డు మనిషి చొక్కా జేబులో ఒక పెన్‌డ్రైవ్ ఉంది. పక్క స్టూడియోది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. నాకు తెలుసని అతడికి తెలుసు. నేను నిజాయితీగా కొన్నదాన్ని వాడుకోవాలంటే అబద్ధం రాయాలన్నారు. అబద్ధం రాయలేదు కాబట్టి దొంగ కాపీ వాడాలి. రెండూ కాదంటే, ఈ మనిషి తన గొంతు వినకుండానే ఊరికి పోవాలి.

కీబోర్డు మనిషి గోడ వైపు చూస్తూ అన్నాడు. "కాకా, జర చాయ్ తాగి రారాదు?"

"ఇప్పుడే తాగిన."

"ఇంకోటి తాగు."

మా ఇంటివాళ్లు రోడ్డు మీద నిలబడి ఏదీ తాగరు. ఆ రోజు మెట్లు దిగి, చీరల దుకాణం పక్కన బండి దగ్గర నిలబడి, కాగితం గ్లాసులో చాయ్ తీసుకున్నాను. మాస్కు కిందికి లాగి పట్టుకున్నాను గానీ తాగలేదు. బండివాడు మాట కలిపాడు. పైన పాటలు బంద్ పెట్టారా, చాలా రోజులైంది వినక అన్నాడు. అవునన్నాను. గ్లాసులో మీగడ కట్టింది. ఏం ఆలోచించానో చెబితే బాగుండేది, కానీ ఏమీ ఆలోచించలేదు. చాలా అలసటగా ఉండింది, అంతే. ఆ ఏడాదంతా అందరికీ ఉన్న అలసటే.

అంతలో పై కిటికీలోంచి పంతులు గొంతు వచ్చింది. జబ్బుకు ముందరి గొంతు. దగ్గు లేదు. ఎత్తుకున్న పాటను సాగదీసి, తిప్పి, కిందికి దించింది. బండివాడు తల ఎత్తి, "వాహ్," అన్నాడు. "కోణ్ గాయ్ ఛే?" అని అడిగాడు. ఎవరు పాడుతున్నారని.

"పైన కూసున్నడు," అన్నాను, తెలుగులోనే. అతడికి అర్థమైనట్టే తల ఊపాడు.

నేను పైకి వెళ్లేసరికి పాటంతా బయటికి తీసి మెమరీ కార్డులో ఎక్కించడం అయిపోయింది. కీబోర్డు మనిషి ఆ దొంగ కాపీని యంత్రంలోంచి తీసేసి, బల్లకూ మౌసుకూ శానిటైజర్ రాసి తుడుస్తున్నాడు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. పంతులు కార్డును రూపాయి బిళ్లలా అరచేతిలో పట్టుకుని లేచాడు. "వస్త చిన్న సావుకారీ. పొద్దుమూకె రా," అని మెట్లు దిగాడు.

వెళ్లాను. మైదానంలో జనం ఎడంగా నిలబడాలని సున్నంతో గుండ్రాలు గీశారు. జనం గుండ్రాల్లో తప్ప అన్నిచోట్లా నిలబడ్డారు. స్పీకరు పెట్టెల్లోంచి పాట మొదలైంది. ఆటగాళ్లు చిరుతలు కొట్టి అడుగు కలిపారు. పంతులు నడుమ నిలబడి తాళాలు వాయించాడు. "పంతులూ, గొంతు మల్ల వచ్చిందే!" అని ఎవరో అరిస్తే, ఆయన తాళం ఆపకుండానే గడ్డంతో పెట్టెల వైపు చూపించాడు. జనం నవ్వారు. రావణుడు తన వంతు వచ్చేసరికి తట్టుకోలేకపోయాడు. పెట్టెలో తన గొంతు మోగుతుండగానే మాస్కు గడ్డం కిందికి లాగి, దాని మీద ఇంకా గట్టిగా పాడాడు. గేటు దగ్గర పోలీసు ఈల వేశాడు. రావణుడు మాస్కు పైకి లాక్కుని యుద్ధానికి పోయాడు.

నేను పంతులునే చూస్తూ నిలబడ్డాను. పెట్టె పాడుతున్నంత సేపూ ఆయన మాస్కు గుడ్డ లోపలికీ బయటికీ కదులుతూ ఉంది. లోపల ఆయన కూడా పాడుతున్నాడు. ఎవరికీ వినపడలేదు, దగ్గూ రాలేదు. ఆట ముగిసేదాకా ఆయన తాళం ఒక్కసారి కూడా తప్పలేదు.

కొన్ని రోజులకు ఆయన ఊరికి వెళ్లిపోయాడు. ఆ తరువాత కంపెనీ నుంచి జవాబు వచ్చింది. మీ రెండో ఉత్తరం చదివాం, మాట వల్ల వచ్చిన గందరగోళం అర్థమైంది, లైసెన్సు పునరుద్ధరించాం, అసౌకర్యానికి మన్నించండి. రాసిన మనిషి చివర తన పేరు కూడా పెట్టింది. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. మేము రాసింది వాళ్లు చదివారు, అంతే. కొత్త బోర్డు మీద అనుమతి తీసుకున్నాను. రెండు నిమిషాల పని. పంతులు మూట తెరిచి మొదటినుంచి చివరిదాకా విన్నాను. ఆ రోజు కిటికీలోంచి విన్నదానికీ దీనికీ ఏదైనా తేడా ఉంటుందేమోనని జాగ్రత్తగా విన్నాను. ఏ తేడా లేదు.

పిల్లలూ, నేను చాయ్ తాగడానికి దిగడం తప్పని ఇక్కడ రాయడం లేదు. ఒప్పని కూడా రాయడం లేదు. దొంగ కాపీలు వాడమని మీకు చెప్పను. నేను మళ్లీ వాడలేదు, వాడనివ్వలేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. కాలిన బోర్డును తుక్కువాడికి ఇవ్వకండి. పరాయివాళ్లకు ఉత్తరం రాసేటప్పుడు పోయింది అన్న మాట దగ్గర ఆగి, ఎలా పోయిందో విడమరిచి రాయండి.

రెండో అల వచ్చింది. మొదటిదానికంటే అది ఎంత ఘోరమో మీకూ తెలుసు. సేఠ్ తమ్ముడు అందులో పోయాడు, ఈసారి ఆ మాటకు ఒకటే అర్థం. సేఠ్‌కు మళ్లీ షట్టరు ఎత్తే మనసు రాలేదు. కీబోర్డు మనిషి ఇచ్ఛాపూర్ వైపు ఒక ఫ్యాక్టరీ గోదాములో చేరాడు. సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు వాయిస్తాడు. పంతులు ఊళ్లోనే ఉన్నాడు. ఫోను చేస్తే మాట కంటే ముందు దగ్గు వినపడుతుంది.

స్టూడియో సామాను అమ్మకానికి పెట్టారు. మిక్సర్‌ను ఒక పెళ్లి బ్యాండువాళ్లు తీసుకున్నారు. మైకులు ఒక భజన మండలికి వెళ్లాయి. గోడలకు అంటించిన స్పాంజిని పీకి పరుపులు కుట్టేవాడికి ఇచ్చారు. లైసెన్సు నా పేరు మీద ఉంది కాబట్టి దాన్ని నేనే అమ్మాను. వరాఛాలో గర్బా పాటలు చేసే ఒకతను కొన్నాడు. నా పేరు తీసి అతడి పేరు పెట్టడానికి కంపెనీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.